ఏడో కాగితంలో నాలుగో వరుస

మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీలో తల్లిపాల సలహాదారుగా పనిచేసే నీలిమకు నలభై ఏళ్లు నిండకముందే రెండు గౌరవాలు దక్కాయి. ఒకటి, ఆమె పనిచేసే ప్రసూతి ఆసుపత్రిలో ఆమెకంటూ ఒక కుర్చీ, కుర్చీ చుట్టూ ఒక పచ్చ కర్టెన్, కర్టెన్ మీద ‘మగవాళ్లు రాకూడదు’ అని మూడు భాషల్లో రాసిన అట్టముక్క. రెండు, పుణె నుంచి మూడు నెలలకోసారి వెలువడే సలహాదారుల సంఘం పత్రికలో ‘కొత్త సామగ్రి’ శీర్షిక కింద ఆమె పేరు అచ్చు కావడం. మొదటిది ఉద్యోగం. రెండోది కీర్తి. కీర్తి మరాఠీలో ఉండేది కనుక చుట్టాల్లో సగంమంది చదవలేకపోయేవారు, అందువల్ల అది మరింత పెద్దదిగా ఉండేది.

ఆ శీర్షిక ఒక చిన్నపాటి న్యాయస్థానం. తల్లుల చేత పాలిప్పించే పనిలో ఉన్నవాళ్ల కోసం తయారయ్యే చేతిపుస్తకాలు, గోడపటాలు, ఊలుతో అల్లిన నమూనా రొమ్ములు, బిడ్డను ఎత్తుకోవడం నేర్పే గుడ్డబొమ్మలు, పాలు పిండే పంపులు అన్నీ అక్కడ బోనెక్కేవి. నీలిమ కాఠిన్యానికి పేరుపడింది. ఒక కంపెనీ వాళ్ల బొమ్మకు మెడ మరీ బిగుతుగా ఉందనీ, పుట్టిన మూడోనాడు ఏ బిడ్డా అంత ఆత్మగౌరవంతో తల నిలబెట్టదనీ ఆమె రాసిన వాక్యాన్ని నాసిక్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. బొమ్మ చేసినవాళ్లెవరో నీలిమకు తెలియదు. ఎవరో తెలియనప్పుడు నిష్పక్షపాతం చాలా సులభమైన గుణం.

సమీక్షతో పాటు ఒక పత్రం నింపి పంపాలి. అందులో మూడు గళ్లు. మొదటి గడి: దీన్ని మొదటినుంచి చివరిదాకా చూశాను. రెండో గడి: కనీసం ఐదుగురు తల్లుల దగ్గర వాడి చూశాను. మూడో గడి: తయారుచేసినవారితో పరిచయం ఉంటే సమీక్షలో చెప్పాను. మూడింట్లోనూ టిక్కు పెట్టి కింద సంతకం చేయాలి.

దీపాలి తాయి రాసిన చేతిపుస్తకం వచ్చినప్పుడు నీలిమ మూడింట్లోనూ టిక్కు పెట్టింది. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది.

నీలిమ ‘తాయి’ అని, అంటే అక్కా అని, పిలిచే దీపాలి పుణెలో ఆమెకు ఈ విద్య నేర్పిన గురువు. పత్రికలో ఆ శీర్షిక ఇప్పించిందీ ఆవిడే. పుస్తకం రెండు వందల పన్నెండు పేజీలు. నడిమధ్యన, జిరాక్సు తీసి తల్లుల చేతికివ్వడానికి వీలుగా పన్నెండు విడి కాగితాలు. నీలిమ ముందుమాట చదివింది. ముందుమాటలో ‘నా విద్యార్థినులు’ అంటూ ఇచ్చిన పేర్లలో తన పేరుంటే దాన్ని మూడుసార్లు చదివింది. మొదటి అధ్యాయం చదివింది. చివరి అధ్యాయం చదివింది. నడుమ భాగాన్ని బొటనవేలితో ఒకసారి ఫర్రుమనిపించింది. ఆ పన్నెండు కాగితాలనూ ఆఫీసులో ఇచ్చి జిరాక్సు తీయించి, డిశ్చార్జయ్యే ప్రతి తల్లికీ సంతకం చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఐదుగురు తల్లులనే నియమాన్ని ఆ విధంగా ఎన్నో రెట్లు మించి నెరవేర్చింది.

తరవాత సమీక్షలో ఈ వాక్యం రాసింది: ‘ఏ ఊరి తల్లికైనా, ఏ ఇంటి తల్లికైనా ఒక్క మాట మార్చకుండా ఇవ్వదగిన కాగితాలివి.’

ఇలా నడుమ వదిలేయడం నేర్చుకున్న అలవాటే గాని వంశపారంపర్యం కాదు. ఆమె తండ్రి రామనాథం అదే ఊళ్లోని శాంతి నగర్‌లో నలభై ఏళ్లు గుడ్డ చెకింగ్ చేసిన మనిషి. నూరు మీటర్ల చుట్టను, వాళ్ల భాషలో తాకాను, బల్ల మీదుగా గుంజుతూ, వెనక ట్యూబులైటు వెలుగులో, పోగు తెగిన చోటా నూనె మరక పడిన చోటా సుద్దముక్కతో గీత పెట్టడం ఆయన పని. ఆ పనిలో ఒక మర్యాద ఉంది. మనవాళ్ల కార్ఖానా గుడ్డయితే మొదటి రెండు మీటర్లు, చివరి రెండు మీటర్లు గుంజి చూసి ముద్ర కొట్టాలి. నడుమ ఉన్నది నమ్మకం. కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టుకున్నవాళ్లంతా ఒకరికొకరు ఏదో వరసే కనుక ఊళ్లో నమ్మకానికి కొదవలేదు. రామనాథం మాత్రం సొంత బావమరిది గుడ్డను కూడా నూరు మీటర్లూ గుంజేవాడు. అందుచేత వాళ్లింటికి పెళ్లిపిలుపులు తక్కువగా వచ్చేవి. ‘సుద్దముక్క రామనాథం’ కూతురుగా, వచ్చిన కొద్దిపాటి పెళ్లిళ్లలో పందిట్లో చివరి వరసలో కూర్చుని పెరిగిన నీలిమ, తాను పెద్దయ్యాక అందరూ పిలిచే మనిషి కావాలని పదేళ్ల వయసులోనే తీర్మానించుకుంది.

రామనాథం ఇప్పుడు నాగావ్‌లో కూతురి ఇంట్లోనే ఉంటున్నాడు. సాంచాల మోతకు చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. పత్రిక వచ్చిన రోజు నీలిమ ఆయనకు ఆ పేజీ చూపించింది.

“పుస్తకం మొత్తం చదివినవా బిడ్డా?”

“చదివిన బాపు.”

“నడుమ ఎట్లుంది?”

“మంచిగుంది.”

“కొసలు అందరు మంచిగనే నేస్తరు,” అని ఆయన పత్రికను వెనక్కి ఇచ్చేశాడు. దానికి అర్థమేమిటని నీలిమ అడగలేదు. అర్థమైంది కాబట్టి.

రెండు నెలల తరవాత ఒక మంగళవారం దీపాలి తాయి నుంచి మెసేజ్ వచ్చింది. పుస్తకం రెండో ముద్రణకు వెళ్తోంది. ఈసారి రాష్ట్రమంతటా ఉన్న సలహాదారులకు పంచడానికి ఒక ట్రస్టు ముందుకొచ్చింది. వెనక అట్ట మీద నీలిమ వాక్యం వేస్తారు, పేరుతో, ఫోటోతో. సోమవారం అచ్చుకు పోతుంది, ఈలోగా ఫోటో పంపాలి.

నీలిమ నీలం పట్టుచీర కట్టుకుని స్టూడియోకు వెళ్లింది. గడ్డం కింద చేయి పెట్టుకోమని ఫోటోగ్రాఫర్ అన్నాడు. పెట్టుకుంది. పుస్తకాలు చదివే మనిషిలా వచ్చింది ఫోటో.

గురువారం పొద్దున పదకొండింటికి పచ్చ కర్టెన్ పక్కకు జరిగింది. లోపలికి వచ్చిన ముసలామె పేరు దుర్గవ్వ. శాంతి నగర్ మనిషి. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో నూలు కండెలు చుట్టే మిషను మీద పనిచేయడం వల్ల ఆమెకు గొంతు తగ్గించడం అలవాటు తప్పింది.

“నీలిమ మేడం నువ్వేనా?”

“నేనే పెద్దమ్మా. కూసో.”

“కూసుండేతందుకు రాలే. నీ కాగితం పేరు మీద మా ఇంట్ల లొల్లి అయితున్నది.”

“ఏం కాగితం?”

“నాకేమెరుక ఏం కాగితమో. నా కోడలు సాక్షి నీ దవఖానలనే కన్నది, ఇరవై దినాలైతున్నది. పిలగాడు పాలు తాగుతుండు, నా కండ్లతోని చూస్తున్న. గదేమో నాకు పాలు లేవని ఏడుస్తది. డబ్బా పాలు పడుతున్నది, పూటకొక సీసా. ఎవరు చెప్పిండ్రే అంటే, మేడం చెప్పింది, కాగితం మీద సైన్ కూడ చేసింది, గోడకు అంటిచ్చిన చూడు అంటది. నేను చదువుకోలే. నువ్వు చదువుకున్నవ్ గద, ఏం రాసినవో చెప్పు.”

“నేను గట్ల రాయను పెద్దమ్మా. ఆమె తప్పు చదివి ఉంటది,” అంది నీలిమ. ఇరవై రెండేళ్ల బాలింత మీద తప్పు మోపడం ఎంత సునాయాసంగా జరిగిపోయిందో ఆమె తరవాత చాలాసార్లు తలుచుకోవలసి వచ్చింది. అల్మారా తీసి జిరాక్సుల కట్ట బయటికి లాగింది. దుర్గవ్వ చేతివేళ్ల మీద ఆనవాళ్లు చెప్పింది, బిడ్డ బొమ్మ ఉంటుందట, పక్కన చెవి బొమ్మ ఉంటుందట. అది ఏడో కాగితం. నీలిమ గట్టిగా చదవడానికి సిద్ధమై, దాన్ని తన జీవితంలో మొదటిసారిగా చదివింది.

నాలుగో వరుస ఇలా ఉంది: ‘పాలు మింగే చప్పుడు తల్లికి వినిపించాలి. వినిపించకపోతే బిడ్డకు పాలు అందడం లేదని అర్థం.’

డబ్బా పాల మాట ఆ కాగితంలో లేదు. దాన్ని డబ్బాలు అమ్మే మందుల షాపువాడెవడో పూరించి ఉంటాడు. మిగిలినదంతా ఉంది. కింద ఆసుపత్రి ముద్ర ఉంది. ముద్ర పక్కన సంతకం ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు.

“ఏం రాసుంది?” అంది దుర్గవ్వ.

శాంతి నగర్‌లో ఇరవై నాలుగు సాంచాల పక్కగదిలో పుట్టి పెరిగిన మనిషి నీలిమ. ఆ గదిలో వాళ్లమ్మ ఆమెను ఏనాడూ కేకేసి పిలవలేదు, ఖాళీ కండె ఒకటి విసిరి పిలిచేది. అక్కడ అన్నం వడ్డించాలా వద్దా అన్నది చేతులతో అడుగుతారు. పిడుగు పడితే మెరుపును బట్టి తెలుసుకుంటారు. అలాంటి చోట మూడు కిలోల బిడ్డ గుటక వినిపించాలట. వినిపించకపోతే పాలు లేవట. ఈ ఊళ్లో సగంమంది తల్లులకు ఒక్క వరుసలో పాలు ఎండగట్టిన కాగితం అది. ‘ఏ ఇంటి తల్లికైనా ఒక్క మాట మార్చకుండా ఇవ్వదగినది’ అని దానికి సర్టిఫికెట్ రాసింది తనే.

“పద పెద్దమ్మా, నేనే వస్త,” అంది.

దుర్గవ్వ ఇల్లు విఠల్ శేట్ కార్ఖానా పైన ఒక్క గది. మెట్లెక్కుతుంటేనే పళ్లు అదిరాయి. లోపల సాక్షి గోడకు ఆనుకుని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె తలకు సరిగ్గా పైన, గోడమీద, అన్నంతో అంటించిన ఏడో కాగితం. పక్కన దేవుడి పటం. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

నీలిమ బిడ్డను చూసింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. తడి గుడ్డల గురించి అడిగింది. సీసా పాలు మొదలు కాకముందు కూడా రోజుకు ఏడెనిమిది తడిపేవాడట. రొమ్ము పట్టించమంది. వాడు నోరు బార్లా తెరిచి పట్టాడు. దుర్గవ్వ వచ్చి నీలిమ భుజం తట్టి, తన గడ్డం మీద వేలు పెట్టుకుని చూపించింది. బిడ్డ గడ్డం కిందికి జారుతోంది, ఒక్క క్షణం ఆగుతోంది, పైకి లేస్తోంది. ఆ ఆగడమే గుటక. నీలిమ పుణెలో ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నదాన్ని దుర్గవ్వ కండెల మిషను దగ్గర, పెదవులూ గడ్డాలూ చూసి మాటలు పట్టుకునే అలవాటుతో, ఉచితంగా నేర్చుకుంది.

“మంచిగ తాగుతుండు,” అంది నీలిమ సాక్షి చెవి దగ్గర.

“మరి ఆవాజ్ వస్తలేదు కదా మేడం.”

“గడ్డం చూడు. ఆగుతున్నది చూడు.”

“కాగితంల గడ్డం అని లేదు. చప్పుడు అని ఉంది. నేను పదోక్లాసు దాంక మరాఠీ మీడియమే, బరాబర్ చదివిన. నాలుగు దినాలు ఇన్న. చెవి పెట్టి ఇన్న. ఏం లేదు.”

“కాగితాలు కొంచెం... జనరల్‌గ రాస్తరమ్మా.”

సాక్షి ఆమె మొహంలోకి చూసింది. “గట్లయితే కాగితం తప్పా, నా పాలు తప్పా? ఒకటి చెప్పుండ్రి.”

చెప్పవలసింది ఒక్క మాట. మనుషులు ఒక్కొక్కసారి ఒక చిన్న మాట తప్పించుకోవడానికి చాలా పెద్ద పనులకు పూనుకుంటారు. నీలిమ మెట్లు దిగి కార్ఖానాలోకి వెళ్లి, సాంచాలన్నీ ఆపమని విఠల్ శేట్‌ను అడిగింది.

విఠల్ ఆమెను బయటికి, గొంతు వినిపించే చోటికి తీసుకొచ్చాడు.

“మల్ల చెప్పు మేడం. పిలగాడు పాలు తాగుతుంటే గుటక ఇనాలె. దానికి నేను ఇరవై నాలుగు సాంచాలు బంద్ పెట్టాలె. ఇదే గద నువ్వనేది?”

“అయిదు నిమిషాలు, శేట్.”

“మా నాయిన పోయిన్నాడు బంద్ పెట్టిన. అటెన్క ఎప్పుడు బంద్ అయినా కరెంటోళ్లు పెట్టిందే. ఇప్పుడు నువ్వొచ్చినవ్.” ఆయన ఆమెను తేరిపార చూశాడు. “నువ్వు సుద్దముక్క రామనాథం బిడ్డవు గదా?”

“అవును.”

“మా తాకాల మీద గీతలు పెట్టి పెట్టి మీ బాపు మా నాయిన పానం తీసిండు. కని ఒకటి చెప్త. గాయన ముద్ర కొట్టిండంటే ముంబైల మల్ల ఎవడు విప్పి చూడకపోతుండె. గాయన బిడ్డవు చెప్తున్నవ్. సరే, పెడుత.”

నీలిమ తలవంచుకుంది. వినయం అనుకున్నాడు విఠల్.

సాంచాలు ఒకటొకటిగా ఆగాయి. చివరిది ఆగాక శాంతి నగర్‌లోని ఆ ముక్క మీద ఒక వింత నిశ్శబ్దం దిగింది. ఎక్కడో కాకి అరవడం వినిపించింది. మగ్గాల మధ్య పనివాళ్లు ఏం చేయాలో తోచక చేతులు కట్టుకుని, ఏదో సంస్మరణ సభలోలాగా నిలబడ్డారు. నీలిమ మళ్లీ మెట్లెక్కింది. పై గదిలో ముగ్గురు ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు.

గుటుక్.

ఇంకాసేపటికి, గుటుక్. తరవాత వరసగా, తీరిగ్గా, ప్రపంచంలో తొందరన్నది లేనట్టు.

సాక్షి కదల్లేదు. కళ్లలోంచి నీళ్లు బిడ్డ చెవి మీద పడుతుంటే తుడవాలన్న ధ్యాస కూడా లేదు.

కింది నుంచి ఎవరో అరిచారు. “వచ్చిందా అవ్వా చప్పుడు?”

దుర్గవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది. “వచ్చింది. ఇగ నడుపుకోండ్రి మీ సాంచాలు.”

“అంటే మొదటిసంది ఉన్నయా నాకు పాలు?” అంది సాక్షి.

“ఉన్నయి.”

“మరి కాగితం?”

నీలిమ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు కింద మొదటి సాంచా మొదలైంది, వెంటనే రెండోది, క్షణంలో ఇరవై నాలుగూ. గది మళ్లీ అదరసాగింది. ఆ మోత మాటున, ఎవరికీ వినిపించదన్న ధైర్యంతో నీలిమ అంది: “కాగితం తప్పు. నేను చదవకుండనే మీకిచ్చిన.”

ఇరవై ఏళ్లు ఆసుపత్రి నిశ్శబ్దంలో బతికి ఆమె ఒక సంగతి మరిచిపోయింది. ఈ గదుల్లో ఎవరూ చెవులతో వినరు. అత్తా కోడలూ ఇద్దరూ ఆమె పెదవులనే చూస్తున్నారు.

దుర్గవ్వ చెయ్యి చాపి, కళ్ల ముందు పుస్తకం పట్టుకున్నట్టు పెట్టి, తల అడ్డంగా ఊపింది. చదవకుండానా, అని. నీలిమ తల నిలువుగా ఊపింది. సాక్షి బిడ్డను రెండో చేతికి మార్చుకుని, లేచి, గోడ మీది కాగితాన్ని పీకింది. అన్నం గట్టిగా పట్టి ఉండడంతో అది రెండు ముక్కలై వచ్చింది. సంతకం ఉన్న ముక్క గోడకే ఉండిపోయింది.

నీలిమ ఆ రోజు చేయవలసినవన్నీ చేసింది. గడ్డం ఎట్లా చూడాలో చూపించింది, తడి గుడ్డలు లెక్కపెట్టమంది, సీసాలు ఒక్కొక్కటిగా ఎట్లా తగ్గించాలో చెప్పింది, మూడోనాడు బరువు తూయించడానికి రమ్మంది. సాక్షి అన్నిటికీ తలూపింది. “మేడం” అన్న పిలుపు మాత్రం ఆ తరవాత ఒక్కసారి కూడా రాలేదు.

ఆసుపత్రికి తిరిగొచ్చి, పచ్చ కర్టెన్ వేసుకుని దీపాలి తాయికి ఫోన్ చేసింది. రిక్షాలో వస్తూ రకరకాల వాక్యాలు కూర్చుకుంది. ‘ఏడో కాగితంలో చిన్న సవరణ ఉంటే బాగుంటుందేమో’ అన్నది వాటిలో అన్నిటికన్నా గౌరవప్రదంగా తోచింది. ఆ ఒక్క వరుస మారితే చాలు, సోమవారం పుస్తకం అచ్చుకు పోతుంది, వెనక అట్ట మీద ఫోటో ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అవతల తాయి “చెప్పు నీలిమా” అనగానే, ఆ వాక్యం నోట్లోకి రాబోతుండగానే, గోడకు మిగిలిపోయిన తన సంతకం కళ్లముందుకొచ్చింది.

“తాయీ, నేను మీ పుస్తకం చదవలేదు,” అంది.

నీలిమ జరిగినదంతా చెప్పింది, సాంచాలు ఆపడం దాకా.

“మూడు గళ్లూ నింపావు కదా?”

“నింపాను.”

“నువ్వు నా విద్యార్థినివని సమీక్షలో ఎక్కడా లేదు. అప్పుడే అడగాల్సింది నేను. నువ్వు మెచ్చుకున్నావని సంతోషంలో ఉండి అడగలేదు. ఆ పుస్తకం నీకెందుకు పంపానో తెలుసా? నేను మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని రాశాను. మా ఇంట్లో గోడగడియారం కూడా వినిపిస్తుంది. మోతలో పుట్టి పెరిగినదానివి నా దగ్గర చదువుకున్నవాళ్లలో నువ్వొక్కదానివే. ఆ కాగితాలు మీ ఊరి గదుల్లో పనికొస్తాయో లేదో నీకే తెలుస్తుందని పంపాను. పొగడమని కాదు.”

నీలిమ ఇన్నాళ్లూ దాన్ని అభిమానం అనుకుంది. అది ఒక పని. ఆమె తప్ప ఇంకెవరూ చేయలేని పని.

“వెనక అట్ట మీద నా మాట తీసేయండి తాయీ. పత్రికలో నేనే రాస్తాను.”

“రాద్దువుగాని. ఆ కాగితం ఎంతమందికి ఇచ్చావు?”

“అరవై ఒక్కమందికి.”

“ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు. ఏడో కాగితం సరిచేసేదాకా పుస్తకం నేను ఆపుతాను. ఆ వరుస రాసింది నేను కదా. సిగ్గుపడే పని నీ ఒక్కదానిదే అనుకోకు.”

చివరి మాట ఓదార్పుగా అన్నదే. ఓదార్పుకు అర్హత లేనివాళ్లకు అది చెంపదెబ్బలాగే తగులుతుంది.

నీలిమ పద్దెనిమిది రోజులు తిరిగింది, డ్యూటీ అయ్యాక, శాంతి నగర్‌లో, నాగావ్‌లో, గైబీ నగర్‌లో. ప్రతి గడపలోనూ ఒకే మాట: “నేనిచ్చిన కాగితం తప్పు. నేను చదవకుండ ఇచ్చిన. వాపస్ ఇయ్యుండ్రి.” మొదటి ఇంట్లో ఆ మాట నోట్లోనే కొట్టుకుంది. ఇరవయ్యో ఇంటికి వచ్చేసరికి అలవాటైపోయి సులువుగా రావడం మొదలైంది. అందుకు మళ్లీ సిగ్గేసింది. చాలామంది కాగితం చదవనే లేదు. కొందరు దాన్ని పప్పుడబ్బా అడుగున పరిచారు. ఒకామె దాంతో పెద్దకొడుకు పుస్తకానికి అట్ట వేసింది. తన కాగితాలను ఎవరూ చదవకపోవడం ఇంత సంతోషం కలిగిస్తుందని సమీక్షకురాలిగా ఆమె ఎన్నడూ ఊహించలేదు. చదివినవాళ్లు పదకొండుమంది. అందులో పదిమంది ఇంకా పాలిస్తున్నారు, సీసాతోనో సీసా లేకుండానో.

పదకొండో ఆమె గైబీ నగర్‌లో శ్రీదేవి. కాన్పయి నాలుగు నెలలు దాటింది. పాలు మాని రెండు నెలలైంది. నీలిమను చాప మీద కూర్చోబెట్టి చాయ్ పెట్టింది.

“ఇంత దూరం నా కోసం వచ్చిండ్రా మేడం? ఏం లేదు, మంచిగనే ఉంది పిల్ల. నాకే పాలు పడలేదు. మా అక్కకు పడ్డయి, మా చెల్లెకు పడ్డయి. నా ఒళ్లే గంత.”

కింద సాంచాలు నడుస్తున్నాయి. నీలిమ ఈసారి మోత తగ్గేదాకా ఆగలేదు, మోత చాటున చెప్పనూ లేదు. శ్రీదేవికి ఎదురుగా, పెదవులు స్పష్టంగా కనబడేలా కూర్చుని మొత్తం చెప్పింది. పాలు తిరిగి తెప్పించే ప్రయత్నం చేయవచ్చనీ, తాను రోజూ వస్తాననీ అంది.

శ్రీదేవి చాలాసేపు చాయ్ గ్లాసు అంచును వేలితో తుడిచింది. “అంటే నా ఒళ్లు మంచిగనే ఉండెనా?” అంది.

“మంచిగనే ఉండె.”

“రెండు నెలలసంది మా అత్త నన్ను ఏమేమో అంటున్నది. నేను కూడ అవును గావచ్చు అనుకున్న.” ఆలోచించి చెప్తానంది. మూడుసార్లు వెళ్లినా ఆలోచిస్తున్నాననే అంది. నాలుగోసారి తలుపు తీయలేదు.

తరవాతి సంచికలో ‘కొత్త సామగ్రి’ శీర్షిక కింద నీలిమ రాసినది అచ్చయింది. ‘కిందటి సంచికలో ఈ పుస్తకం గురించి నేను రాసినది సమీక్ష కాదు’ అని మొదలవుతుంది. ఈసారి రెండు వందల పన్నెండు పేజీలూ చదివింది. పన్నెండు కాగితాల్లో తొమ్మిది ఎక్కడైనా పనికొస్తాయనీ, రెండింటిలో బొమ్మలు చిన్నవనీ, ఏడోది మోత ఉన్న ఊళ్లలో ఇవ్వకూడదనీ రాసింది. మొదటి అధ్యాయం నిజంగానే బాగుందని కూడా రాసింది, అది న్యాయం కనుక. దీపాలి తాయి తన గురువని రాసింది. సరిచేసిన ఏడో కాగితంలో నాలుగో వరుస ఇప్పుడు గడ్డం గురించి చెబుతుంది. అది శాంతి నగర్‌లో కండెల మిషను మీద పనిచేసిన దుర్గవ్వ చూపించినదని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. నీలం పట్టుచీర ఫోటో ఎక్కడా లేదు.

పత్రిక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం రామనాథం కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

“ఏం రాసినవో చదువు,” అన్నాడు.

నీలిమ ఆయనకు పెదవులు కనబడేలా ఎదురుగా కూర్చుంది. మరాఠీ వరుసల కింద వేలు నడిపిస్తూ, ఒక్కొక్క వరుసనూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మొదటి పేరా అయింది. రెండోది అయింది. మూడో పేరా సగంలో ఆమె వేలు ఒక్కచోట తడబడి, మళ్లీ సాగిపోయింది.

రామనాథం చేయి ఎత్తాడు.

“నడుమ ఒక వరుస దాటినవ్ బిడ్డా.”

ఆయనకు మరాఠీ చదవడం రాదు. నలభై ఏళ్లు కళ్ల ముందు నుంచి గుడ్డ కదలడం చూసిన మనిషి. నీలిమ వేలిని వెనక్కి తెచ్చి, దాటేసిన వరుస కింద పెట్టింది. అచ్చులో అది ఉంది, తనే రాసింది. మూడు వందలమంది సలహాదారులు ఈపాటికి చదివే ఉంటారు. తండ్రి మొహం చూస్తూ పైకి చదవడానికే నోరు రాలేదు.

“‘ఈ కాగితం నమ్మి ఒక తల్లి పాలివ్వడం మానేశారు. లోపం తన ఒంట్లోనే ఉందని రెండు నెలలు నమ్మారు. ఆ నష్టం నేను చేసినది, పూడ్చలేకపోయాను.’”

రామనాథం చేయి అలవాటు కొద్దీ చొక్కా జేబులోకి వెళ్లింది. సుద్దముక్క లేదు. ఆయన వంగి, ఆ వరుస పక్కన అంచు మీద బొటనవేలి గోటితో ఒక గీత నొక్కాడు.

“ఇగ తక్కినది చదువు,” అన్నాడు.